రెండో టీచర్ కోసం రాయండి: ఆపరేటింగ్ సిస్టమ్ శిక్షణకు ఓపెన్ సోర్స్ పాఠాలు

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో చాలామంది లినక్స్ నేర్పిస్తున్నవాళ్లే, కాకపోతే నేర్పించబోతున్నవాళ్లు. అందుకని లినక్స్ అంటే ఏమిటి, ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి అన్న జోలికి పోను. నేరుగా ఒక ప్రశ్న అడుగుతాను. మీ స్లైడ్లు, ల్యాబ్ షీట్లు, వర్చువల్ మెషీన్ ఇమేజ్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ కాపీ), అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, మిమ్మల్ని ఎప్పుడూ చూడని ఇంకో టీచర్‌కి ఇచ్చారనుకోండి. మీ ఫోన్ నంబర్ ఇవ్వలేదు. రేపు పొద్దున తొమ్మిదింటికి ఆవిడకి క్లాసు. ఆవిడ చెప్పగలరా?

తలలు అడ్డంగా ఊపుతున్నారు. సరే. ఈవేళ నేను మాట్లాడేదంతా ఆవిడ గురించే. రెండో టీచర్ అందాం ఆవిడని. మొదటి టీచర్, అంటే రాసినవాళ్లు, వాళ్లకి కాగితం మీద లేనివి కూడా తెలుసు. ఏ ల్యాబ్‌లో పిల్లలు ఇరుక్కుంటారో తెలుసు, ఏ కమాండ్ ఎందుకు పెట్టారో తెలుసు. రెండో టీచర్ చేతిలో ఉన్నది ఫైళ్లు మాత్రమే. ఆవిడ వాటితో క్లాసు నడపగలిగితే, తనకి కావాల్సినట్టు మార్చుకోగలిగితే, ఏదైనా చెడిపోతే చెడిపోయిందని క్లాసుకి ముందే తెలుసుకోగలిగితే, అప్పుడే ఆ పాఠం ఓపెన్ అంటాను నేను. మిగతాది ఉచితంగా పంచడం. అదీ మంచిదే, కానీ అది వేరు.

లైసెన్స్‌తో మొదలుపెడదాం, త్వరగా అయిపోతుంది. పాఠాలకి క్రియేటివ్ కామన్స్‌లో సీసీ బై 4.0, లేదా సీసీ బై ఎస్ఏ 4.0. మొదటిది పేరు చెప్పి వాడుకోమంటుంది. రెండోది, మార్చి పంచితే మీరూ ఇదే లైసెన్స్ కింద పంచండి అంటుంది. ఈ రెంట్లో ఏది ఎంచుకున్నా నాకు పేచీ లేదు. పేచీ అంతా ఎన్‌సీ, ఎన్‌డీ అన్న ఆ రెండు తోకలతో. ఎన్‌సీ అంటే వాణిజ్యానికి వాడకూడదు. మరి ఫీజు తీసుకునే శిక్షణ కేంద్రం వాడొచ్చా? ఫీజు తీసుకునే కాలేజీ? ఎవరికీ ఖాయంగా తెలియదు, తెలియదు కాబట్టి జాగ్రత్తపరులు వాడరు. ఎన్‌డీ ఇంకా ఇబ్బంది. ఇంట్లో మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచకూడదు. అంటే డెబియన్‌కి రాసిన ల్యాబ్‌ని ఇంకో రకం లినక్స్ ఫెడోరాకి మార్చి పక్కవాళ్లకి ఇవ్వకూడదు, అనువాదం చేసి పెట్టకూడదు. రెండో టీచర్‌ని గుమ్మం దగ్గరే ఆపేసినట్టు.

ఇంకో సంగతి. ల్యాబ్‌లో స్క్రిప్టులు ఉంటాయి కదా, వాటికి సీసీ లైసెన్స్ పెట్టకండి. సాఫ్ట్‌వేర్‌కి మా లైసెన్సులు వాడొద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు. స్క్రిప్టులకి సాఫ్ట్‌వేర్ కోసమే ఉన్న లైసెన్సులు, ఎంఐటీ గానీ జీపీఎల్ 3 గానీ పెట్టండి. అప్పుడు రెండు లైసెన్సులు ఒకే రిపోజిటరీలో, అంటే పాఠం ఫైళ్లన్నీ ఉండే చోట, ఉంటాయి. గందరగోళం కాకుండా ప్రతి ఫైల్ పైన ఎస్‌పీడీఎక్స్ లైను ఒకటి, ఈ ఫైల్ ఏ లైసెన్స్ అని. ఇంకా, సీసీ బై ఎస్ఏ 4.0 కింద ఉన్నదాన్ని జీపీఎల్ 3 ప్రాజెక్టులోకి తీసుకెళ్లొచ్చు, 2015 నుంచి ఆ దారి ఉంది. కానీ అది ఒంటిదారి. జీపీఎల్ కింద ఉన్న మాన్యువల్ పేజీ నుంచి నాలుగు పేరాలు తెచ్చి మీ సీసీ పాఠంలో కలిపేయడం కుదరదు. కలిపేస్తుంటాం. ఆ కమాండ్ ఏం చేస్తుందో మీ మాటల్లో రాయండి, ఎలాగూ మాన్యువల్ పేజీ భాష పిల్లలకి అర్థం కాదు.

లైసెన్స్ ఫైల్ పెట్టేశాం, స్లైడ్లు పీడీఎఫ్‌లో ఎక్కించేశాం. ఓపెన్ అయిందా? మార్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మార్చుకోవడానికి పనిముట్టు ఏదీ? పీడీఎఫ్‌లో ఒక కమాండ్ పాతబడితే ఆవిడ ఏం చేయాలి? మొత్తం మళ్లీ టైపు చేయాలి. అందుకే మూలం మామూలు టెక్స్ట్‌గా ఉండాలి. మార్క్‌డౌన్, ఆస్కీడాక్, లేటెక్, మీ ఇష్టం. ఎంబెడెడ్ లినక్స్ శిక్షణలో బూట్లిన్ వాళ్ల సామగ్రి చూడండి, లేటెక్ మూలం మొత్తం గిట్‌లో, అంటే ఫైళ్లలో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే పరికరంలో, ఉంటుంది, మేక్ అన్న కమాండ్ కొడితే పీడీఎఫ్ వస్తుంది. కార్పెంట్రీస్ వాళ్ల పాఠాలూ అంతే, గిట్‌లో టెక్స్ట్‌గా ఉంటాయి. ఒక చిన్న అలవాటు చెబుతాను. వాక్యానికి ఒక లైను చొప్పున రాయండి. పేరా మొత్తం ఒకే లైనులో ఉంటే, ఒక్క మాట మార్చినా గిట్ ఆ పేరా అంతా మారిందని చూపిస్తుంది, ఏం మారిందో వెతుక్కోవాలి. వాక్యానికో లైను ఉంటే ఆ వాక్యం ఒక్కటే కనిపిస్తుంది. బొమ్మలు కూడా అంతే. బాణాలు, పెట్టెలు ఉన్న బొమ్మని పీఎన్‌జీగా ఒక్కటే పెడితే అందులో ఒక అక్షరం కూడా ఎవరూ మార్చలేరు. ఎస్‌వీజీ ఉంచండి, లేదా గ్రాఫ్‌విజ్ మూలం ఉంచండి.

ఇక్కడ ఒక గోతి ఉంది, చాలామంది పడతారు. మార్క్‌డౌన్ నుంచి పీడీఎఫ్ చేసే పరికరాలు మన రాతని అందంగా చేద్దామని చూస్తాయి. పక్కపక్కనే ఉన్న రెండు హైఫన్‌లని కలిపి ఒక పొడుగు గీత చేస్తాయి. నిటారు కోట్‌లని వంకర కోట్‌లు చేస్తాయి. పుస్తకానికి బాగుంటుంది. కమాండ్‌కి? విద్యార్థి దాన్ని కాపీ చేసి టెర్మినల్‌లో పెడతాడు, ఆప్షన్ గుర్తుపట్టలేదంటుంది. చూస్తే అచ్చు అదే కమాండ్. అరగంట పోతుంది. కమాండ్లు ఎప్పుడూ కోడ్ బ్లాక్‌లోనే ఉండాలి, వాక్యం మధ్యలో వచ్చినా సరే కోడ్ గుర్తుల మధ్యే. అలాంటి పరికరం పాన్‌డాక్‌లో అయితే ఆ స్మార్ట్ అనే సదుపాయం ఆపేయొచ్చు కూడా.

ప్రాంప్ట్ గుర్తు ఇంకో తలనొప్పి. కమాండ్ ముందు డాలర్ గుర్తు వేస్తాం, మామూలు యూజర్ అని చెప్పడానికి. రూట్, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్, అయితే హ్యాష్ గుర్తు. విద్యార్థి గుర్తుతో సహా కాపీ చేస్తే ఏమవుతుంది? డాలర్ అయితే కమాండ్ దొరకలేదని తిడుతుంది, నయం. హ్యాష్ అయితే? కమాండ్లు చదివి నడిపే షెల్‌కి హ్యాష్ అంటే వ్యాఖ్య. ఏమీ చేయదు, ఏమీ అనదు. తిట్టలేదు కాబట్టి పని అయిపోయిందనుకుని విద్యార్థి తర్వాతి మెట్టుకి వెళ్లిపోతాడు. అందుకని ప్రాంప్ట్ గుర్తులు తీసేయండి. రూట్ కావాల్సిన చోట, ఆ హక్కుతో నడిపే సూడో అన్న కమాండ్ పూర్తిగా రాయండి. కమాండ్ ఒక బ్లాక్‌లో, దాని ఫలితం వేరే బ్లాక్‌లో పెట్టండి. టెర్మినల్ స్క్రీన్‌షాట్లు అసలే వద్దు. అక్షరాలు ఉండాల్సిన చోట ఫొటో ఎందుకు? వెతకడానికి రాదు, కాపీకి రాదు, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదవలేదు.

స్లైడ్లు చివర రాయండి

ఇప్పుడు అసలు విషయం. పాఠం ఎక్కడ మొదలుపెడతారు మీరు? స్లైడ్ 1, యూనిక్స్ చరిత్ర. అవునా? నవ్వుతున్నారు, అంటే అవుననే. నా మాట వినండి, స్లైడ్లు చివర రాయండి. ముందు రాయాల్సింది పరీక్షించే స్క్రిప్టు. విద్యార్థి ఏం చేయగలగాలి, చేశాడని మెషీన్‌కి ఎలా తెలుస్తుంది, అది ముందు. తర్వాత చెడగొట్టే స్క్రిప్టు, అంటే ఆ పరిస్థితిని తయారుచేసేది. తర్వాత ల్యాబ్ షీటు. ఆ ల్యాబ్ చేయడానికి ఏం తెలిసి ఉండాలో అది మాత్రమే స్లైడ్లలోకి వస్తుంది. ఇలా చేస్తే స్లైడ్లు సగం అయిపోతాయని భయపడకండి, అయిపోవాలి.

ఒక ల్యాబ్ పూర్తిగా తీసుకుందాం. డిస్క్ నిండిపోయింది. డిస్క్‌లో చోటు లేదు అన్న ఎర్రర్ మెసేజ్ ఒక్కటే. కారణాలు? కనీసం మూడు చెప్పండి. ఊ, పెద్ద ఫైల్ ఉంది, నిజమే. ఇంకా?

ఇది చేద్దాం. ట్రంకేట్ కమాండ్‌తో 64 ఎంబీ ఖాళీ ఫైల్ ఒకటి చేయండి, దాని మీద ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేయండి, లూప్ డివైస్‌గా, అంటే ఆ ఫైలే ఒక డిస్క్ అన్నట్టుగా, మౌంట్ చేయండి. అసలు డిస్క్ జోలికి పోలేదు, విద్యార్థి ఏం చేసినా మెషీన్ పాడవదు. ఇలాంటివి మూడు చేయండి.

మొదటిదాన్ని నిజంగానే నింపేయండి, పెద్ద ఫైల్‌తో. మొత్తం మీద ఎంత ఖాళీ ఉందో చెప్పే డీఎఫ్ చూస్తే నిండింది, డైరెక్టరీల వారీగా లెక్కేసే డీయూ చూస్తే ఎక్కడ నిండిందో తెలుస్తుంది. సులువు. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. ఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం దాచి పెడుతుంది. మామూలు యూజర్‌కి చోటు లేదంటుంది, సూడోతో అదే ఫైల్ రాస్తే రాసేస్తుంది. మీ ల్యాబ్ షీటులో ప్రతిదానికీ సూడో పెట్టే అలవాటు ఉంటే, విద్యార్థికి అసలు ఎర్రరే రాదు. ల్యాబ్ పనిచేయలేదంటాడు. ల్యాబ్ బాగానే ఉంది, సూడో ఎక్కువైంది.

రెండోదానిలో ఫైల్ సిస్టమ్ వేసేటప్పుడే ఐనోడ్లు, అంటే ఫైల్‌కి ఒకటి చొప్పున పట్టే నమోదులు, 256 మాత్రమే ఇవ్వండి, పెద్ద ఎన్ ఆప్షన్‌తో. మౌంట్ చేసి ఖాళీ ఫైళ్లు సృష్టిస్తూ పోండి. 240 దాటాక ఆగిపోతుంది, ఎందుకంటే మొదటి పదకొండు ఐనోడ్లు ఫైల్ సిస్టమ్ తన కోసం వాడుకుంటుంది. ఇప్పుడు డీఎఫ్ చూడమనండి. చోటు బోలెడుంది. ఎర్రర్ మాత్రం చోటు లేదనే. డీఎఫ్‌కి ఐ ఆప్షన్ ఇస్తే అప్పుడు కనిపిస్తుంది, ఐనోడ్లు వందకి వంద వాడేశారని. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పడే మెయిల్ క్యూలు, సెషన్ ఫైళ్లు, వాటి దగ్గర నిజంగా జరిగేది ఇదే.

మూడోది నాకు బాగా ఇష్టం. పెద్ద ఫైల్ సృష్టించి, ఒక స్లీప్ ప్రాసెస్‌ని ఆ ఫైల్ తెరిచి పట్టుకునేలా వెనకాల నడిపి, ఫైల్‌ని తీసేయండి. డీఎఫ్ నిండిందంటుంది. డీయూ ఖాళీ అంటుంది. ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ కొడితే ఏమీ లేదు. ఎవరిది అబద్ధం? ఎవరిదీ కాదు. పేరు పోయింది, తెరిచి ఉంచిన ప్రాసెస్ ఉన్నంతవరకు డేటా పోదు. తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్ఎస్ఓఎఫ్‌తో చూపించొచ్చు, కానీ చిన్న ఇన్‌స్టలేషన్లలో ఎల్ఎస్ఓఎఫ్ ఉండకపోవచ్చు. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబర్ కింద ఎఫ్‌డీ అనేది చూస్తే ఫైల్ పేరు పక్కనే డిలీటెడ్ అని రాసి ఉంటుంది, అది ఎక్కడైనా ఉంటుంది. సర్వర్ మీద లాగ్ ఫైల్‌ని తీసేసి, చోటు రాలేదేంటని కూర్చునేవాళ్ల కథ మొత్తం ఈ ల్యాబే.

చూశారా, ఒక ఎర్రర్, మూడు కారణాలు. డీఎఫ్ కమాండ్‌కి ఇన్ని ఆప్షన్లు అని జాబితా ఇస్తే ఎవరికీ గుర్తుండదు. చెడిపోయిన మెషీన్ ఇస్తే ఆప్షన్ తనే వెతుక్కుంటాడు.

పరీక్షించే స్క్రిప్టు

సరే, బాగుచేశాడు. మెషీన్‌కి ఎలా తెలియాలి? విద్యార్థి ఏ కమాండ్లు కొట్టాడో హిస్టరీలో చూసే స్క్రిప్టులు ఉన్నాయి. అలా రాయొద్దు. ఒకే పనికి పది దారులు. మీకు కావాల్సింది ఫలితం. ఫైల్ పర్మిషన్ చూడాలా? స్టాట్ కమాండ్‌ని ఆక్టల్‌లో, అంటే 644 లాంటి అంకెల్లో, అడగండి. మౌంట్ అయిందా? ఫైండ్‌ఎంఎన్‌టీ. సర్వీస్ నడుస్తోందా, బూట్‌లో లేస్తుందా? సిస్టమ్‌సీటీఎల్‌లో ఈజ్ యాక్టివ్, ఈజ్ ఎనేబుల్డ్, ఇవి రెండూ వేరువేరు ప్రశ్నలు, రెండూ అడగండి. మనుషులు చదవడానికి ఉన్న అవుట్‌పుట్‌ని గ్రెప్‌తో వెతకొద్దు. విద్యార్థి మెషీన్ వేరే భాషలో ఉంటే మెసేజ్ మారిపోతుంది. తప్పనిసరై వెతికితే, స్క్రిప్టు మొదటి లైన్లలోనే భాషని నిర్ణయించే ఎల్‌సీ ఆల్‌ని సీ అని పెట్టేయండి.

పని అయిందా అని మాత్రమే చూడకండి, ఎక్కువైందా అని కూడా చూడండి. వెబ్ సర్వర్ ఫైల్ చదవలేకపోతోంది, సరిచేయండి అని ల్యాబ్. విద్యార్థి 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, కొడతాడు. పనిచేస్తుంది. మీ స్క్రిప్టు కూడా పాస్ అంటే, 777 కొట్టడం మీరే నేర్పించినట్టు. ఇతరులకి రాసే హక్కు ఉంటే ఫెయిల్ అనాలి, ఎందుకో ఒక ముక్క చెప్పాలి.

ఇంకొకటి, రీబూట్. రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలో నియమం ఉంది, మీరు చేసింది రీబూట్ తర్వాత కూడా నిలవాలి. మంచి నియమం, తీసుకోండి. కానీ విద్యార్థి రీబూట్ చేశాడో లేదో ఎలా తెలుస్తుంది? ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కర్నెల్ ప్రతి బూట్‌కీ ఒక కొత్త గుర్తింపు సంఖ్య ఇస్తుంది, బూట్ ఐడీ అని, ప్రాక్ కింద సిస్, కర్నెల్, రాండమ్ డైరెక్టరీలో ఉంటుంది. ల్యాబ్ మొదలుపెట్టే స్క్రిప్టు దాన్ని రాసి పెట్టుకోవాలి. పరీక్షించేటప్పుడు అదే సంఖ్య ఉంటే, ముందు రీబూట్ చేసి రా నాయనా అనాలి. అంతే, మూడు లైన్ల కోడ్.

రీబూట్ అనగానే ఎఫ్‌ఎస్‌ట్యాబ్, అంటే బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చేయాలో రాసి ఉండే ఫైల్, గుర్తొస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో డిస్క్ గుర్తింపు, అంటే యూయూఐడీ, ఒక అక్షరం తప్పు రాస్తే, బూట్‌లో సర్వీసులన్నీ లేపే సిస్టమ్‌డీ ఆ డిస్క్ కోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి తీసుకెళ్తుంది. అక్కడ రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ ఇమేజ్‌లో రూట్ అకౌంట్ లాక్ చేసి ఉంటే? విద్యార్థి ఇక లోపలికి పోలేడు. బూట్‌లోడర్ గ్రబ్‌లో కర్నెల్ లైను మార్చి రావడం నేర్పించడం మీ ఉద్దేశం అయితే సరే, కాకపోతే ల్యాబ్ ఇమేజ్‌లో రూట్ పాస్‌వర్డ్ పెట్టండి. లేదా ల్యాబ్ డిస్క్‌కి నోఫెయిల్, అంటే దొరకకపోయినా బూట్ ఆపొద్దని, రాయించండి. ఏదో ఒకటి ముందే ఆలోచించి పెట్టాలి, క్లాసులో పదిమంది ఒకేసారి చేతులెత్తాక కాదు.

పరీక్షించే స్క్రిప్టుని ఎవరు పరీక్షిస్తారు? ఇది చాలామంది వదిలేసేది. మూడుసార్లు నడపాలి. ముట్టుకోని కొత్త మెషీన్ మీద నడపండి, ఫెయిల్ కావాలి. ఫెయిల్ కాకపోతే ఆ స్క్రిప్టు దేన్నీ చూడట్లేదు. జవాబు స్క్రిప్టు నడిపి చూడండి, పాస్ కావాలి. జవాబు రెండోసారి నడిపి చూడండి, అప్పుడూ పాస్ కావాలి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒకే లైను రెండుసార్లు చేరిపోయి ఉండకూడదు. ఈ మూడింటినీ వారానికి ఒకసారి దానంతటదే నడిచేలా గిట్ సర్వర్‌లో పెట్టేయండి. నేను ఇందాక చెప్పానే, చెడిపోయిందని ముందే తెలియాలని, అది ఇదే. రెండో టీచర్ మీ రిపోజిటరీ తెరవగానే ఏ ల్యాబ్ ఇప్పుడు నడుస్తోందో, ఏది నడవట్లేదో కనిపిస్తుంది.

ఎందుకు చెడిపోతాయి అంటారా? మీరు ముట్టుకోకపోయినా కింద నేల కదులుతుంది. డెబియన్ 9 నుంచి నెట్‌టూల్స్ ప్యాకేజీ దానంతటదే రాదు, అందులోని ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టమన్న పాఠం అక్కడ ఆగిపోయింది. డెబియన్ 12లో లాగ్ ఫైళ్లు రాసే ఆర్‌సిస్‌లాగ్ మామూలుగా ఇన్‌స్టాల్ కాదు, వార్ లాగ్ కింద సిస్‌లాగ్ ఫైల్ చూడండి అన్న ప్రతి స్లైడూ తప్పయిపోయింది, జర్నల్‌సీటీఎల్ చూడాలి. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ని ఈటీహెచ్ సున్నా అని రాసిన చోటల్లా ఇప్పుడు వేరే పేరు ఉంటుంది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంట్‌ఓఎస్ 8 కాస్తా 2021 డిసెంబర్ 31తో ఆగిపోయింది. ఒక విడుదలకి కాలం తీరాక దాని ప్యాకేజీలు ఆర్కైవ్ సర్వర్‌కి పోతాయి, ల్యాబ్‌లో మొదటి కమాండే 404 ఇస్తుంది. అందుకని డిస్ట్రో (లినక్స్ రకం) పేరు, వెర్షన్, ప్యాకేజీ పేర్లు అన్నీ ఒకే ఫైల్‌లో ఉంచండి. ల్యాబ్ షీటులో ఇంటర్‌ఫేస్ పేరు, డిస్క్ పేరు రాయకండి. ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి నీ డిస్క్ పేరు ఏంటో చూసుకో, అని రాయండి. ఎస్‌డీబీయా, వీడీబీయా, తనే చూసుకుంటాడు. నిజం ఉద్యోగంలోనూ అదే కదా చేయాల్సింది. ప్రతి బ్యాచ్‌కీ వాడిన కూర్పుకి గిట్‌లో ట్యాగ్ వేయండి.

ల్యాబ్ మెషీన్

కంటైనర్లా, వర్చువల్ మెషీన్లా? ఎప్పుడూ అడుగుతారు. షెల్, టెక్స్ట్ ఫైళ్లు, పర్మిషన్లు, వీటికి కంటైనర్ చాలు, సెకనులో లేస్తుంది. బూట్, గ్రబ్, కర్నెల్ మాడ్యూళ్లు, డిస్కులు, సర్వీసులు, వీటికి కంటైనర్ పనికిరాదు. కంటైనర్‌కి సొంత కర్నెల్ లేదు, బూట్‌లోడర్ లేదు, మామూలుగా సిస్టమ్‌డీ కూడా నడవదు. లేనిదాన్ని ఎలా నేర్పిస్తాం? వర్చువల్ మెషీన్ కావాల్సిందే. గ్రాఫిక్స్ లేని సర్వర్ ఇన్‌స్టలేషన్‌కి ఒక సీపీయూ, 1 జీబీ ర్యామ్, 10 జీబీ డిస్క్ సరిపోతాయి. పార్టిషన్లు, డిస్కుల్ని కలిపి పంచే ఎల్‌వీఎం నేర్పడానికి 2 జీబీ డిస్కులు అదనంగా రెండు తగిలించండి. డిస్కులు వాడినంతే పెరిగే రకం కాబట్టి భారం కాదు.

ఇమేజ్ తయారీలో పొరపాట్లు ఎక్కడ? ఒక మెషీన్ చేసి ముప్పై కాపీలు తీస్తారు. ముప్పైకీ ఒకటే మెషీన్ ఐడీ, దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు మెషీన్‌ని గుర్తుపట్టే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలూ ఒకటే. మెషీన్ ఐడీ ఒకటే అయితే, సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ వాడే చోట ఐపీ అడ్రస్‌లు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్‌కి అందరూ ఒకే మనిషిలా కనిపిస్తారు, ఇద్దరికి ఒకే ఐపీ అడ్రస్ వస్తుంది. మ్యాక్ అడ్రస్ మార్చాం కదా, ఇంకేంటి అని తల పట్టుకుంటారు. కాపీ తీసే ముందు ఈటీసీలో ఉన్న మెషీన్ ఐడీ ఫైల్‌ని ఖాళీ చేయండి, తీసేయకండి, ఖాళీ చేయండి. హోస్ట్ కీలు చెరిపేయండి. కొన్ని డిస్ట్రోలు మొదటి బూట్‌లో కీలు తామే చేసుకుంటాయి, డెబియన్ అలా చేయదు. ఎస్ఎస్‌హెచ్ కీజెన్‌ని పెద్ద ఏ ఆప్షన్‌తో మొదటి బూట్‌లో నడిపే చిన్న సర్వీస్ పెట్టాలి, లేకపోతే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లేవదు.

పంచడం గురించి గబగబా. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి. ఇమేజ్ పక్కన ఎస్‌హెచ్ఏ256 చెక్‌సమ్ ఉండాలి, సగం కాపీ అయిన ఇమేజ్ తెచ్చే వింత ఎర్రర్లు ఇన్నీ అన్నీ కావు. వర్చువల్‌బాక్స్‌లో 64 బిట్ మెషీన్ లేవకపోతే ముందు ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడమని మొదటి పేజీలోనే రాయండి. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌ల మీద ఎక్స్86 ఇమేజ్ ఎమ్యులేషన్‌లో నత్తనడక నడుస్తుంది, ఆర్మ్64 ఇమేజ్ వేరే చేసి ఉంచండి. అందుకే ఇమేజ్‌ని చేత్తో చేయకుండా స్క్రిప్టుతో చేయాలి, రెండూ ఒకే స్క్రిప్టు నుంచి రావాలి. ప్యాకేజీలకి గదిలో ఒక క్యాషే సర్వర్ (ఒకసారి దింపినవాటిని దాచి ఇచ్చేది), ఏపీటీ క్యాషర్ ఎన్‌జీ అయితే 3142 పోర్టు మీద ఉంటుంది. ముప్పైమంది తలో 50 ఎంబీ దింపితే 1.5 జీబీ, క్యాషే ఉంటే బయటినుంచి వచ్చేది 50 ఎంబీ ఒక్కటే.

టీచర్ నోట్సు

అన్నింటికన్నా తక్కువ రాసేది, రెండో టీచర్‌కి అన్నింటికన్నా ఎక్కువ కావాల్సింది, టీచర్ నోట్సు. అందులో ఏముండాలి? పాఠం మళ్లీ చెప్పడం కాదు. ఎంతసేపు పడుతుంది, ఆలస్యమైతే ఏది వదిలేయొచ్చు, ఏ తప్పు జవాబు వస్తుంది, వస్తే ఏం అడగాలి.

ఒక ఉదాహరణ. విద్యార్థి సొంత డైరెక్టరీలో రూట్ ఒక ఫైల్ పెట్టాడు, పర్మిషన్ 644, అంటే రాసే హక్కు రూట్‌కే. విద్యార్థి దాన్ని తీసేయగలడా? కమాండ్ కొట్టనివ్వకండి, ముందు చెప్పమనండి. తీసేయలేడు అనేవాళ్లు ఎవరు? ఇక్కడ కూడా కొన్ని చేతులు లేచాయి. తీసేయగలడు. ఆర్ఎం ఒకసారి అడుగుతుంది, రాసే హక్కు లేని ఫైల్, తీసేయనా అని. వై అంటే తీసేస్తుంది. తీసేయడమంటే డైరెక్టరీలో పేరు కొట్టేయడం, డైరెక్టరీ అతనిది. మరి టెంప్ డైరెక్టరీలో అందరికీ రాసే హక్కు ఉంది, ఒకరి ఫైల్ ఇంకొకరు ఎందుకు తీసేయలేరు? అక్కడ స్టికీ బిట్, అంటే ఎవరి ఫైల్ వాళ్లే తీసేయాలన్న గుర్తు, వస్తుంది, అడిగించుకుని మరీ వస్తుంది. నోట్సులో రాయాల్సింది ఇదీ: తీసేయలేడని అంటారు, అన్నాకే నడిపించండి, ఆ వెంటనే టెంప్ గురించి అడగండి. ఊహించి తప్పయినవాడికి ఆ కారణం అంటుకుంటుంది. ముందే జవాబు చెప్పేస్తే తల ఊపి ఊరుకుంటాడు.

కర్నెల్ లోపలి పాఠాలు చెప్పేవాళ్లకి ఒక్క మాట. ఎంఐటీలో తయారైన ఎక్స్‌వీ6 అన్న చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, ఎంఐటీ లైసెన్స్, పది వేల లైన్లలోపు, 2019 నుంచి రిస్క్ ఫైవ్ ప్రాసెసర్ మీద, క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో ఏ మెషీన్ మీదైనా నడుస్తుంది. కొత్త సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కర్నెల్‌ని పని అడిగే దారి) చేర్చడం మామూలు మొదటి అభ్యాసం. ఇక్కడ నోట్సు ఎలా ఉండాలంటే, లక్షణం నుంచి కారణానికి. లింకర్ దగ్గర పేరు దొరకలేదంటే, యూసిస్ పెర్ల్ ఫైల్‌లో ఎంట్రీ మర్చిపోయాడు. కంపైల్ అయి, నడిపితే అన్‌నోన్ సిస్ కాల్ అని వస్తే, సిస్‌కాల్ సీ ఫైల్ పట్టికలో చేర్చలేదు. ప్రోగ్రామే కనిపించకపోతే మేక్‌ఫైల్‌లో యూప్రాగ్స్ జాబితా. మూడు లైన్లు. ఇవి ఉంటే రెండో టీచర్ బల్ల దగ్గరికి వెళ్లి పది సెకన్లలో చెప్పగలరు.

అనువాదానికి పీఓ4ఏ వాడండి. మార్క్‌డౌన్ నుంచి పేరాలు తీసి పీఓ ఫైల్, అంటే అనువాదాలు రాసే ఫైల్, చేస్తుంది. మూలంలో ఒక పేరా మారితే దాని అనువాదాన్ని ఫజీ, అంటే మళ్లీ చూడాలి, అని గుర్తుపెడుతుంది. అనువదించిన ఫైల్‌ని విడిగా కాపీ చేసి పెట్టుకుంటే ఏడాదిలో రెండూ రెండు దారులు పట్టి, ఏది పాతదో ఎవరికీ తెలియదు.

ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: జవాబులు కూడా అదే రిపోజిటరీలో పెడితే విద్యార్థులు చూసి రాసేయరా?

చూస్తారు. దాచినా చూస్తారు. దాచితే నష్టపోయేది రెండో టీచర్, ఆవిడకి దొరకవు. దాచే బదులు ల్యాబ్‌ని ప్రతి విద్యార్థికీ కొంచెం మార్చండి. రోల్ నంబర్‌ని మొదలుపెట్టే స్క్రిప్టుకి ఇస్తే, దాని హ్యాష్ నుంచి పోర్టు నంబర్, డైరెక్టరీ పేరు, డిస్క్ పరిమాణం, ఏ కారణంతో నిండాలి అన్నది, అన్నీ అదే తేలుస్తుంది. పరీక్షించే స్క్రిప్టూ అదే నంబర్ నుంచి అదే లెక్క వేసుకుంటుంది. పక్కవాడి జవాబు అలాగే దింపితే ఫెయిల్. అర్థం చేసుకుని తన నంబర్లకి మార్చుకుంటే పాస్, మార్చుకోగలిగాడంటే నేర్చుకున్నాడనే. సర్టిఫికెట్ ఇచ్చే చివరి పరీక్షకి మాత్రం చెడగొట్టే స్క్రిప్టులు కొన్ని విడిగా, మూసి ఉంచుకోండి.

ప్రశ్న: వీడియోలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ వీడియోలో ఒక కమాండ్ మారితే మొత్తం మళ్లీ తీయాలి. టెర్మినల్ చూపించడమే పని అయితే ఆస్కినెమా వాడండి. అది రికార్డు చేసేది బొమ్మని కాదు, అక్షరాల్ని. ఫైల్ టెక్స్ట్, గిట్‌లో తేడాలు కనిపిస్తాయి, నడుస్తుండగా ఆపి కమాండ్ కాపీ చేసుకోవచ్చు, సైజు కూడా చిన్నది. కమాండ్లు స్క్రిప్టులో ఉంటే డిస్ట్రో మారినప్పుడు స్క్రిప్టు మళ్లీ నడిపి కొత్త రికార్డింగ్ తీసుకోవచ్చు. రికార్డు చేసేటప్పుడు టెర్మినల్ వెడల్పు 80 అక్షరాలకి పెట్టండి, ఎక్కువైతే ప్రొజెక్టర్ మీద వెనక వరుసకి చీమల బారులా కనిపిస్తుంది.